లైఫ్‌టైమ్ అని కొన్న క్లాసులు యాప్ మారగానే పోయాయి. ఇవి మనవా, కావా?

డిండి గట్టు (దేవరకొండ)

అందరికీ నమస్తే. గ్రూప్-2 కోసం 2023లో ఒక కోచింగ్ యాప్‌లో పూర్తి కోర్సు కొన్నాను. రికార్డు చేసిన వీడియో క్లాసులు, పీడీఎఫ్ నోట్సు, టెస్టులు అన్నీ కలిపి. అప్పుడు రెండు ప్లాన్లు ఉండేవి, ఒకటి ఏడాదికి, ఇంకోటి లైఫ్‌టైమ్. లైఫ్‌టైమ్‌కు దాదాపు రెట్టింపు ధర. ఆ పరీక్ష సంగతి మన జిల్లాల్లో ప్రిపేర్ అయ్యేవాళ్లందరికీ తెలుసు. 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వస్తే, వాయిదా మీద వాయిదా పడి 2024 డిసెంబర్ 15, 16న జరిగింది. ఏడాది ప్లాన్ తీసుకున్న మా రూమ్మేట్లు మళ్లీ డబ్బు కట్టారు. నేను కట్టనక్కర్లేకపోయింది.

ఇప్పుడు వచ్చే నోటిఫికేషన్ కోసం మళ్లీ మొదలుపెడదామని యాప్ తెరిస్తే, కోర్సులన్నీ కొత్త యాప్‌కు మారాయని, పాత విద్యార్థులకు ప్రత్యేక తగ్గింపు ఉందని మెసేజ్ వచ్చింది. కొత్త యాప్‌లో అదే నంబర్‌తో లాగిన్ అయితే 'మీ కోర్సులు' అన్న చోట ఏమీ లేదు. ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న వీడియోలు కూడా తెరుచుకోవడం లేదు. వీడియో పక్కనే నోట్స్ రాసుకునే వీలు ఉండేది. నాలుగో పేపర్‌కు తెలంగాణ ఉద్యమం మీద నేను రాసుకున్నదంతా అందులోనే ఉంది. అది నేను రాసింది, వాళ్లు చెప్పింది కూడా కాదు.

మెయిల్ పెడితే వచ్చిన జవాబు: 'మీరు పొందింది కంటెంట్ చూసే లైసెన్సు మాత్రమే. నిబంధనల ప్రకారం దాన్ని ఎప్పుడైనా నిలిపివేసే హక్కు సంస్థకు ఉంది.'

డబ్బు మొత్తం ఒకేసారి తీసుకుని, ఎప్పటికీ నీదే అని చెప్పి, తర్వాత ఈ మాట అనొచ్చా? చట్టం తెలిసినవాళ్లు, ఇలాంటిది జరిగినవాళ్లు చెప్పండి.

---

జడ్చర్ల జంక్షన్

తమ్ముడూ, నేను చాలా ఏళ్లు క్యాసెట్ల షాపు నడిపాను. బొంబాయి, పుణె పనులకు పోయేవాళ్లు బస్సెక్కే ముందు వచ్చి క్యాసెట్లు కొనుక్కునేవాళ్లు. అక్కడ అడ్డా మీద పదిమంది వినేవాళ్లు, పండక్కి వచ్చినప్పుడు చుట్టాలకు ఇచ్చిపోయేవాళ్లు. ఆ క్యాసెట్ చేసిన కంపెనీ మూతపడినా జనం చేతిలో ఉన్నది ఆగలేదు. షాపువాడు ఇంటికొచ్చి తీసుకుపోవడం అనే మాటే లేదు. ఇప్పుడు కొన్నాక కూడా వాళ్ల చేతిలోనే ఉంటోంది. నాకు అర్థమైంది ఇంతే.

---

పాలమూరు ప్లేయర్

గేమ్స్ ఆడేవాళ్లకు ఇది కొత్త కాదు. యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో 'ది క్రూ' అనే కారు రేసింగ్ గేమ్ అమ్మింది. ఒంటరిగా ఆడుకోవాలన్నా వాళ్ల సర్వర్‌కు కనెక్ట్ కావాల్సిందే. 2024 మార్చి 31న ఆ సర్వర్ ఆపేశారు. డిస్క్ కొని బీరువాలో పెట్టుకున్నవాళ్లకు కూడా గేమ్ నడవలేదు. కాబట్టి జడ్చర్ల అన్నా, చేతిలో డిస్క్ ఉన్నంత మాత్రాన కూడా ఇప్పుడు సరిపోవడం లేదు.

దాని మీదే 2024 ఏప్రిల్‌లో రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అని ఉద్యమం మొదలుపెట్టాడు. యూరప్‌లో ప్రజలు సంతకాలతో చట్టం చేయమని అడిగే పద్ధతి ఒకటి ఉంది. అందులో 2025 జులైకి పది లక్షల సంతకాలు దాటాయి. వాళ్లు అడిగేది సర్వర్లు ఎప్పటికీ నడపమని కాదు. ఆపేసే రోజున, కొన్నవాళ్లు సొంతంగా ఆడుకునే స్థితిలో గేమ్‌ను వదిలిపెట్టమని. ఇది న్యాయమైన కోరిక అని నేను గట్టిగా నమ్ముతాను.

2023 డిసెంబర్‌లో సోనీ కూడా ప్లేస్టేషన్‌లో జనం డబ్బిచ్చి కొన్న డిస్కవరీ కార్యక్రమాలను తీసేస్తామని ప్రకటించింది. గొడవ పెద్దదయ్యాక వెనక్కి తగ్గింది. అంటే గట్టిగా అడిగితే పని అవుతుంది.

---

గడియారం సెంటర్ (నల్లగొండ)

అందరూ కోపంగా ఉన్నారు కానీ ఒక మాట. 'ఐ అగ్రీ' నొక్కింది మనమే కదా? సినిమా యాప్‌కు నెలనెలా కడతాం, కట్టడం ఆపితే చూపించరు. దాన్ని మోసం అనం. దీనికీ దానికీ తేడా ఏంటి? ఒప్పందంలో ఉన్నది వాళ్లు చేశారు.

---

నీలగిరి వకీలు (నల్లగొండ)

గడియారం సెంటర్ గారి ప్రశ్న మంచిది, ఎదుటి లాయరు వినియోగదారుల కమిషన్ ముందు అడిగేది కూడా అదే. తేడా ఉంది. నెలనెలా కట్టేది చందా, గడువు ఎప్పుడు ముగుస్తుందో ఇద్దరికీ తెలుసు. ఇక్కడ ఒక్కసారే మొత్తం ధర తీసుకున్నారు, ఏడాది ప్లాన్ వేరుగా పెట్టి, దానికంటే ఎక్కువ డబ్బుకు గడువు లేనిది అమ్మారు. ఆ అదనపు డబ్బు దేనికి? ఆగిపోదు అన్న హామీకే. హామీకి ధర తీసుకుని, లోపలి పేజీలో 'ఎప్పుడైనా ఆపేస్తాం' అని రాసుకుంటే, పొలాన్ని పట్టా ధరకు అమ్మి కాగితంలో కౌలు అని రాసినట్టే.

ముందు కాపీరైట్ చట్టం సంగతి చెబుతాను. 1957 చట్టంలో సెక్షన్ 14 ప్రకారం ప్రతులను ప్రజలకు విడుదల చేసే హక్కు రచయితది లేదా ప్రచురణకర్తది. కానీ ఒకసారి అమ్మిన ప్రతిని అప్పటికే చలామణిలో ఉన్న ప్రతిగా లెక్కించాలని అదే సెక్షన్ వివరణలో ఉంది. అందుకే అచ్చు పుస్తకాన్ని మీరు కొని చదివి, తిరిగి అమ్మినా, ఎవరికి ఇచ్చినా ప్రచురణకర్త అడ్డు చెప్పలేడు. కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వ్యాపారమంతా దీని మీదే నిలబడింది.

డిజిటల్‌కు వచ్చేసరికి కంపెనీలు 'మేం ప్రతి అమ్మలేదు, లైసెన్సు ఇచ్చాం' అంటాయి. దీని మీద మన దగ్గర ఉన్న తీర్పులు ఎక్కువగా పన్ను కేసులు. మన ప్రాంతానికి సంబంధం ఉన్నది ఒకటి చెప్తాను. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య కేసులో 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు, సీడీలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ 'సరుకు' కిందికే వస్తుందని, అమ్మకపు పన్ను కట్టాల్సిందేనని చెప్పింది. తర్వాత 2021 మార్చిలో ఇంజినీరింగ్ అనాలిసిస్ కేసులో, కాపీరైట్ అమ్మడం వేరు, కాపీరైట్ ఉన్న వస్తువు ప్రతిని అమ్మడం వేరు అని, పైన లైసెన్సు అని రాసినా లావాదేవీ అసలు స్వభావం చూడాలని వివరించింది. రెండూ పన్ను కేసులే, మీ కోర్సుకు నేరుగా అతకవు. కానీ 'లైసెన్సు అని రాసుకున్నాం కాబట్టి అది అమ్మకం కాదు' అనే వాదన అంత తేలిగ్గా నిలబడదని వీటిని బట్టి నేను అంటాను.

యూరప్ న్యాయస్థానం 2012లో యూజ్డ్‌సాఫ్ట్ కేసులో ఇంకా ముందుకు వెళ్లింది. ఒకేసారి ధర తీసుకుని గడువు లేకుండా ఇచ్చిన డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ అమ్మకమే, కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చు అని చెప్పింది. అదే న్యాయస్థానం 2019లో ఈ-పుస్తకాలకు మాత్రం ఆ సూత్రం వర్తించదంది. అమెరికాలో పాత డిజిటల్ పాటలు తిరిగి అమ్మించే రీడిజీ సంస్థ 2018లో అప్పీలులో ఓడిపోయింది. అంటే తిరిగి అమ్ముకునే హక్కు దగ్గర ప్రపంచం ఇంకా తేల్చుకోలేదు. మీ సమస్య అది కాదు. మీరు తిరిగి అమ్ముతాననడం లేదు, చూసుకుంటానంటున్నారు. దానికి కాపీరైట్ చట్టం కంటే వినియోగదారుల చట్టం బలమైన ఆయుధం. సాయంత్రం వివరంగా రాస్తాను, ఇప్పుడు కోర్టుకు వెళ్లాలి.

---

నల్లమల అంచు (అచ్చంపేట, ప్రస్తుతం హైదరాబాద్)

నేను వీడియో యాప్‌ల మీదే పని చేస్తాను. డౌన్‌లోడ్ చేసినవి కూడా ఎందుకు పోయాయో చెబుతాను, చాలామందికి ఇది అర్థం కాదు.

మీ ఫోన్‌లోకి వచ్చిన ఫైల్‌కు తాళం వేసి ఉంటుంది. గూగుల్ వాళ్ల వైడ్‌వైన్ ఎక్కువగా వాడే తాళం. తాళంచెవి వాళ్ల సర్వర్ దగ్గర ఉంటుంది. ఆఫ్‌లైన్‌లో చూడటానికి కొన్ని రోజులకు సరిపడా చెవి ఇస్తారు, గడువెంతో అమ్మేవాడే నిర్ణయిస్తాడు. గడువు అయ్యాక యాప్ మళ్లీ సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ లేకపోయినా, ఇవ్వనన్నా ఫైల్ ఫోన్‌లోనే ఉంటుంది, మెమరీ తింటూనే ఉంటుంది, తెరుచుకోదు. యాప్‌లో 'డౌన్‌లోడ్' అని ఉన్నంత మాత్రాన అది మీ దగ్గర ఉన్నట్టు కాదు. ఫోన్ ఫైల్ మేనేజర్‌లో కనబడి, వేరే ప్లేయర్‌లో కూడా ఆడితేనే అది నిజంగా మీ చేతిలో ఉన్నట్టు.

తాళం లేకుండా అమ్మడం సాధ్యం కాదని కొందరు అంటారు. మన దేశంలోనే జరిగింది. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ అని పాటల దుకాణం పెట్టి తాళం లేని ఎంపీ3లు అమ్మింది. 2013లో మూసేసింది. కొన్నవాళ్లకు డౌన్‌లోడ్ చేసుకోవడానికి సమయం ఇచ్చారు. అప్పుడు దించుకున్న పాట ఇవాళ కూడా ఏ ఫోన్‌లోనైనా ఆడుతుంది. దుకాణం పోయింది, సరుకు ఉంది. గేమ్స్‌లో జీఓజీ అనే దుకాణం ఇప్పటికీ తాళం లేకుండానే అమ్ముతోంది.

మరోవైపు పట్టు బిగిస్తున్నవాళ్లూ ఉన్నారు. కిండిల్ (అమెజాన్ వాళ్ల ఈ-పుస్తకాల పరికరం) పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీతో ఎక్కించుకునే వీలు ఉండేది. 2025 ఫిబ్రవరి 26 నుంచి అమెజాన్ అది తీసేసింది.

---

వనపర్తి గ్రంథాలయం

నా ఉద్యోగమంతా గ్రంథాలయాల్లోనే గడిచింది. నోట్స్ పోయాయన్న మాట చదివి బాధ కలిగింది. ఇదే 2009లో అమెరికాలో జరిగింది. అమ్మిన సంస్థకు హక్కులు లేవని తెలిసి, అమెజాన్ జార్జ్ ఆర్వెల్ '1984', 'యానిమల్ ఫామ్' ప్రతులను జనం కిండిల్‌లలోంచి దూరం నుంచే తీసేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది. కానీ ఒక హైస్కూల్ విద్యార్థి చదువు కోసం పుస్తకం పక్కన రాసుకున్నది పనికిరాకుండా పోయింది. అతను కోర్టుకు వెళ్లాడు, సంస్థ రాజీకి వచ్చింది, క్షమాపణ కూడా చెప్పింది.

పదేళ్ల తర్వాత, 2019లో, మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు పుస్తకాల డబ్బు మొత్తం తిరిగి ఇచ్చింది. అందులో గీతలు గీసుకుని, నోట్స్ రాసుకున్నవాళ్లకు అదనంగా 25 డాలర్లు జమ చేసింది. చదివేవాడు పెట్టిన శ్రమకు విలువ ఉందని అంత పెద్ద కంపెనీయే ఒప్పుకుంది. డిండి గట్టు గారూ, మీ ఫిర్యాదులో ఆ నోట్స్ సంగతి తప్పకుండా రాయండి.

గ్రంథాలయాల కోణం కూడా చెప్పాలి. అచ్చు పుస్తకం ఒకసారి కొంటే అట్ట చినిగేదాకా, బైండింగ్ చేయించి ఆ తర్వాత కూడా, ఎందరికైనా ఇస్తాం. హార్పర్‌కాలిన్స్ 2011లో అమెరికా గ్రంథాలయాలకు ఈ-పుస్తకం 26 సార్లు ఇచ్చాక మళ్లీ కొనాలని షరతు పెట్టింది. మన జిల్లా, మండల గ్రంథాలయాలకు వచ్చే నిధులతో ఇలాంటి షరతులు తట్టుకోలేం. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున తలుపు తీయకముందే వచ్చి కూర్చుంటారు. వాళ్లలో చాలామందికి యాప్ కొనే స్తోమత లేదు. ఒకరు కొన్న పుస్తకం నలుగురు చదవగలిగే వీలు పోతే ముందు దెబ్బ తినేది వాళ్లే. ఈ విషయం మీద ఎవరూ మాట్లాడకపోవడం నాకు మింగుడుపడదు.

---

హాస్టల్ 2 బ్లాక్

ఇంత చర్చ ఎందుకు అన్నా, ఆ కోర్సు మొత్తం టెలిగ్రామ్‌లో ఉచితంగా ఉంది. లింక్ ఇదిగో:

*[లింక్ తొలగించాం]*

---

వేదిక నిర్వాహకులు

దొంగ ప్రతుల లింకులు ఇక్కడ వద్దు. మళ్లీ పెడితే ఖాతా ఆపేస్తాం. చర్చ కొనసాగించండి.

---

మెట్టుగడ్డ పాలిటీ సార్ (మహబూబ్‌నగర్)

పైన లింక్ పెట్టిన తమ్ముడికి చెప్పాలనే వచ్చాను. నేను పాలిటీ చెబుతాను, సొంతంగా రికార్డు చేసిన క్లాసులు అమ్ముతాను. ఒక్క కోర్సు తయారు చేయడానికి నెలలు పడుతుంది. విడుదలైన వారానికి టెలిగ్రామ్‌లో కనబడుతుంది. ఒకరు కొంటే హాస్టల్ గది మొత్తం చూస్తుంది. అందుకే తాళాలు వేస్తాం. తాళం వేసే ప్రతివాడూ దోచుకునేవాడు కాదు.

ఇంకో మాట. సర్వర్ అద్దె మాకు నెలనెలా పడుతుంది. విద్యార్థి ఒకసారి డబ్బు ఇచ్చి నాలుగేళ్లు చూస్తే ఆ నాలుగేళ్లూ మేం అద్దె కడుతూనే ఉంటాం. పైగా కొత్త సవరణలు, కొత్త తీర్పులు వస్తాయి, పాత క్లాసు అలాగే ఉంచితే పిల్లలు తప్పు చదువుతారు.

అయితే దీనికి జవాబు లైఫ్‌టైమ్ అని అమ్మి తర్వాత మాట తప్పడం కాదు. నడపలేనిది అమ్మకూడదు. నేను రెండేళ్లు అని స్పష్టంగా రాసి అమ్ముతాను, పరీక్ష వాయిదా పడితే పరీక్ష అయ్యేదాకా పొడిగిస్తాను. డిండి గట్టుకు జరిగింది అన్యాయం. అలాంటివాళ్ల వల్ల మా మాట కూడా ఎవరూ నమ్మడం లేదు.

---

వనపర్తి గ్రంథాలయం

సార్, మీ కష్టం అర్థమైంది. ఒక్క ప్రశ్న. వీడియోకు తాళం ఉంచండి. కానీ నోట్సు పీడీఎఫ్, క్లాసు ఆడియో తాళం లేకుండా ఇవ్వడానికి ఏం అడ్డం? రెండేళ్ల తర్వాత వీడియో పోయినా పిల్లవాడి చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది కదా.

---

మెట్టుగడ్డ పాలిటీ సార్

పీడీఎఫ్ నేను ఇప్పటికే ఇస్తున్నాను. ప్రతి పేజీ మీద కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబర్ సన్నగా పడేలా పెట్టాను. తాళం కంటే ఇదే బాగా పనిచేసింది, తన నంబర్ ఉన్న కాగితాన్ని ఎవరూ గ్రూపుల్లో పంచరు. ఆడియో సంగతి ఆలోచించలేదు. వచ్చే బ్యాచ్‌కు ఆడియో కూడా అలా ఇవ్వడానికి ప్రయత్నిస్తాను.

---

గడియారం సెంటర్

సార్ చెప్పిన పద్ధతిలో కొనడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. రెండేళ్లంటే రెండేళ్లు. వకీలు గారు చెప్పిన అదనపు డబ్బు లెక్క కూడా సరిగ్గా ఉంది, ఏడాది ప్లాన్‌తో పోల్చి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. అమ్మేటప్పుడే ఇది చెప్పి తీరాలని చట్టం ఎక్కడైనా ఉందా?

---

పాలమూరు ప్లేయర్

ఉంది. కాలిఫోర్నియాలో 2024 సెప్టెంబర్‌లో గవర్నర్ సంతకం చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. లైసెన్సు మాత్రమే ఇస్తూ 'కొనండి' అనే బటన్ పెట్టాలంటే, అది లైసెన్సే అని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా దించుకుని నెట్ లేకుండా వాడుకునేలా ఇస్తే ఆ షరతు లేదు. అది అమల్లోకి రాకముందే, 2024 అక్టోబర్‌లో, స్టీమ్ అనే గేమ్స్ దుకాణం డబ్బు కట్టే పేజీలోనే 'మీరు పొందేది లైసెన్సు' అని రాయడం మొదలుపెట్టింది. నేను మహబూబ్‌నగర్‌లో కూర్చుని కొంటున్నా ఆ వాక్యం కనబడుతోంది.

కానీ అది నిజం చెప్పమంటుంది, అంతే. పోయినదాన్ని తిరిగి ఇమ్మనదు. నాకు సరిపోదు.

---

పానగల్ అక్క

నా ప్రశ్న కొంచెం వేరు. మా నాయిన తెలుగు పండితుడు. చూపు తగ్గాక అక్షరం పెద్దది చేసుకుని చదవొచ్చని ట్యాబ్‌లో చాలా పుస్తకాలు కొన్నాడు. పాత పాటలు కూడా. నాయిన పోయాక రీచార్జి లేక ఆ నంబర్ ఆగిపోయింది. ఖాతా తెరవాలంటే ఓటీపీ దానికే వెళ్తుంది. కంపెనీకి మరణ ధ్రువీకరణ పత్రం పంపితే, ఖాతా ఇంకొకరికి బదిలీ కాదు, కావాలంటే మూసేస్తాం అన్నారు.

ఇంట్లో బీరువాలో ఉన్న ఆయన పుస్తకాలు కొన్ని నేను ఉంచుకున్నాను, కొన్ని ఆయన చదువు చెప్పిన బడికి ఇచ్చాను. దానికి ఎవరినీ అడగలేదు. ట్యాబ్‌లోవి కూడా అదే మనిషి, అదే పింఛను డబ్బుతో కొన్నవి. అవి నాకెందుకు రావు?

---

నల్లమల అంచు

అక్కా, దీని మీద నాకు తెలిసింది చెప్తాను. ఆపిల్‌లో 'లెగసీ కాంటాక్ట్' అని ఉంది. బతికుండగానే ఒకరిని పెట్టుకుంటే, తర్వాత వాళ్లకు ఫొటోలు, మెసేజ్‌లు అందుతాయి. కానీ కొన్న సినిమాలు, పాటలు, పుస్తకాలు అందులో రావని వాళ్లే రాశారు. గూగుల్‌లో 'ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్' ఉంది, అది కూడా ముందే పెట్టుకోవాలి. స్టీమ్ ఖాతా బదిలీ చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు.

పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు ఈ రెండు సెట్టింగులు ఇప్పుడే చూసుకోండి. కొన్నవి రాకపోయినా ఫొటోలైనా వస్తాయి.

---

నీలగిరి వకీలు

పానగల్ అక్కా, చట్టం మీ ప్రశ్నకు ఇంకా సరైన జవాబు చెప్పలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో నామినీని పెట్టుకునే హక్కు ఉంది, కానీ అది వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది, కొన్న పుస్తకాలకు కాదు. లైసెన్సు వ్యక్తికే పరిమితం అని రాసుకున్నంత కాలం కంపెనీ వాదన అదే. వారసత్వంలో వీటికి చోటు ఇవ్వాలని పార్లమెంటు స్పష్టంగా చట్టం చేయాల్సిందే, నా అభిప్రాయం అది.

ఇప్పుడు డిండి గట్టు విషయం. మీ కేసు బలంగా ఉంది. ఎందుకో చెబుతాను.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఈ-కామర్స్ నిర్వచనంలోనే డిజిటల్ ఉత్పత్తులు అని రాసి ఉంది. కాబట్టి 'ఇది వస్తువు కాదు, మీరు వినియోగదారుడు కాదు' అనడానికి వీల్లేదు. అదే చట్టం సెక్షన్ 2(46) అనుచిత ఒప్పందం అంటే ఏమిటో చెబుతుంది. సహేతుకమైన కారణం లేకుండా ఒక పక్షం ఏకపక్షంగా ఒప్పందం రద్దు చేసుకునే షరతు అందులో ఉంది. వినియోగదారుడి అనుమతి లేకుండా, అతనికి నష్టం కలిగేలా ఒప్పందాన్ని వేరేవాళ్లకు అప్పగించే షరతు కూడా ఉంది. మొదటిది మీకు జరిగింది, యాప్ ఆపారు. కొత్త యాప్ వేరే సంస్థదైతే రెండోది కూడా జరిగినట్టే.

ఆ షరతునే చెల్లదని ప్రకటించమని అడగాలంటే హైదరాబాద్‌లో రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీకు కావలసింది డబ్బు లేదా క్లాసులు అయితే అంత దూరం అక్కర్లేదు. సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. నిబంధనల్లో 'వివాదాలు ఫలానా నగరం కోర్టుల్లోనే' అని ఉంటుంది, భయపడకండి. సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట వేసుకోవచ్చు. 'ఆర్బిట్రేషన్‌కు రావాలి', అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలి అని ఉన్నా వినియోగదారుడిని దానికి కట్టిపడేయలేరని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. 'విద్య సేవ కాదు' అని ఇంకో వాదన తెస్తారు. విద్యాసంస్థలకు ఆ మినహాయింపు ఇచ్చిన 2020 జాతీయ కమిషన్ తీర్పే, కోచింగ్ సంస్థలకు అది వర్తించదని చెప్పింది.

ముందు కాగితాలు. డబ్బు కట్టిన రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, లైఫ్‌టైమ్ అని ఉన్న ప్రకటన లేదా ప్లాన్ పేజీ స్క్రీన్‌షాట్. ఆ పేజీ ఇప్పుడు లేకపోతే వాళ్లు అప్పట్లో పంపిన వాట్సాప్, ఎస్సెమ్మెస్ వెతకండి. యాప్ మారిందన్న మెసేజ్, వాళ్ల మెయిల్ జవాబు. అవన్నీ పెట్టి ముందు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి. రాకపోతే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, తర్వాత ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు. 5 లక్షల లోపు కోర్సుకు ఫీజు ఏమీ లేదు. లాయరు కూడా తప్పనిసరి కాదు. అడగాల్సినవి: కోర్సు తిరిగి ఇవ్వడం లేదా కట్టిన డబ్బు, నోట్స్ ఇవ్వడం, పరిహారం, ఖర్చులు.

---

డిండి గట్టు

వకీలు సార్, చాలా థాంక్స్. రసీదు ఉంది, కోర్సు ధర, దాని మీద 18 శాతం జీఎస్టీ విడివిడిగా ఉన్నాయి. 'లైఫ్‌టైమ్ వ్యాలిడిటీ' అన్న మాట కూడా రసీదులోనే ఉంది. మా బ్యాచ్ వాళ్లు చాలామంది ఇలాగే నష్టపోయారు. అందరం కలిసి ఒకే ఫిర్యాదు వేయొచ్చా? ఇంకోటి, తాళం తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని ఒకతను అంటున్నాడు. నేను కొన్నదాన్ని నేను తెరుచుకుంటే తప్పా?

---

నీలగిరి వకీలు

రసీదులో ఆ మాట ఉండటం మీకు పెద్ద బలం, ఒరిజినల్ జాగ్రత్త.

కలిసి వేయొచ్చు. ఒకే రకమైన నష్టం జరిగిన చాలామంది తరఫున కొందరు వేయడానికి సెక్షన్ 35(1)(సి) ఉంది, కమిషన్ అనుమతి తీసుకోవాలి. అయితే అనుమతి దగ్గర ఆలస్యం అవుతుంది. నలుగురైదుగురైతే విడివిడిగా, ఒకే రోజు వేయమంటాను.

తాళం సంగతి. కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన సెక్షన్ 65ఎ ప్రకారం, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఉద్దేశం అనే మాట అందులో ముఖ్యం, సొంత వాడకం మీద సెక్షన్ 52లో మినహాయింపులు కూడా ఉన్నాయి. వాదించడానికి చోటుంది. కానీ ఫిర్యాదు చేయబోయే మనిషి ఎదుటివాళ్ల చేతికి ఆ అవకాశం ఇవ్వకూడదు. ముట్టుకోవద్దు.

---

గడియారం సెంటర్

ఒక సందేహం వకీలు గారూ. ఈయన కొన్నది 2023లో. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు అంటారు కదా, దాటిపోలేదా?

---

నీలగిరి వకీలు

సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లే. కానీ లెక్క కొన్న రోజు నుంచి కాదు, ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి. ఇక్కడ అది క్లాసులు ఆగిపోయిన రోజు. యాప్ మారిందన్న మెసేజ్ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టమన్నది అందుకే. 1915కు చేసిన ఫిర్యాదు, మెయిళ్లు నడుస్తున్నాయని ఆ రెండేళ్లు ఆగవు. నోటీసుకు పదిహేను రోజులు గడువిచ్చి, జవాబు రాకపోతే వెంటనే వేసేయండి.